దిష్టికి కట్టిన కుస్తీ బొమ్మ

మద్దిలేటి అని, కాలిపోయిన మోటర్లకు తీగ చుడతాడే, వాడు. మీసంలో తెల్లవెంట్రుకలు వచ్చినాయి గానీ అంగట్లో అద్దాల బీరువా నిండా కుస్తీ బొమ్మలే. టీవీలో కండలు చూపించి ఒకర్నొకరు ఎత్తేసుకుంటారే, వాళ్ళ బొమ్మలు. నలభై ఉన్నాయంట. బోరు మోటరు కాలి రైతు లబోదిబోమంటా ఉంటే, వీడు ఆ బొమ్మల చంకల్లో దుమ్ము తుడుస్తా ఉంటాడు. మన సర్పంచికి కూడా అంత సేవ జరగదు, చేయించుకోవాలని ఆయనకుంది గానీ.

ఏమైందంటే, చిన్నప్పుడు వీడికి బజారి అని ఒక తమ్ముడుండె. తిరునాళ్ళలో నాయన చెరొక బొమ్మ కొనిచ్చినాడు. వీడిది నల్ల లంగోటీ, బజారిది ఎర్ర లంగోటీ, నాలుక బయటపెట్టి ఉంటాది. బూడిదతో గీత గీసుకుని పొద్దంతా కుస్తీ. ఎప్పుడూ ఎర్రదే గెలవాల, లేకుంటే బజారి అన్నం ముట్టడు. తొమ్మిదో ఏట జరమొచ్చి బజారి పోయినాడు. గుంతలో పెట్టేటప్పుడు తల్లి ఆ ఎర్ర బొమ్మను కూడా పక్కనే పెట్టింది, నేనక్కడే ఉన్నా. నాలుగు రాళ్ళు చేతికొచ్చినప్పట్నుంచీ మద్దిలేటి అట్లాంటి ఎర్రదాని కోసం వెతుకుతానే ఉన్నాడు. దొరికిందల్లా వేరేది. అట్లా నలభై అయినాయి. ఎందుకు వెతుకుతున్నాడో పెళ్ళానికి కూడా చెప్పలేదనుకో. చివరికి బళ్ళారిలో ఎవరో ముసలాయన దగ్గర దొరికింది. అదే నాలుక, అదే లంగోటీ.

అప్పుడే వీళ్ళ ఇంటికి గోడలు లేస్తున్నాయి. మేస్త్రీ దస్తగిరి, "గోవిందమ్మా, వచ్చేపోయేవాళ్ళ కళ్ళన్నీ నీ గోడల మీదే ఉన్నాయి, దిష్టిబొమ్మ కట్టు" అన్నాడంట. గోవిందమ్మ అంటే వీడి పెళ్ళాం, అప్పటికి అయిదో నెల. ముందొకటి కడుపులోనే పోయింది కాబట్టి ఆయమ్మకి గాలి వీచినా భయమే. వీడు లేనప్పుడు అంగట్లో బీరువా తెరిచి, అన్నిట్లోకీ భయంకరంగా ఉన్నదాన్ని ఏరి, మెడకు తాడేసి, పైన కర్రకు కట్టించేసింది. సాయంత్రం మద్దిలేటి వచ్చి తలెత్తి చూస్తే నిమ్మకాయ, మిరపకాయల పక్కన ఎర్ర లంగోటీ వేలాడతా ఉంది.

"దింపు మేస్త్రీ, దింపు!" అని అరిచినాడంట. దస్తగిరి ఏమో, "ఎక్కిందాన్ని మధ్యలో దింపితే అది మింగిన దిష్టంతా ఇంట్లోవాళ్ళ మీదికే వస్తాదన్నా. కొత్తింట్లో చేరినాక కాలవలో వదిలి, వెనక్కి చూడకుండా రావాల" అన్నాడు. గోవిందమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "నలభై ఉన్నాయి కదా. బిడ్డకన్నా ఎక్కువా నీకు ఆ బొమ్మ?" అనింది. అది ఎవరి గుర్తో అప్పుడైనా చెప్పొచ్చు కదా. నోరు తెరిచినాడంట. తెరిచి, "తాడు గట్టిగా కట్టినారా?" అన్నాడంట.

మూడు నెలలు ఎండకీ వానకీ ఉండి లంగోటీ ఎరుపంతా పోయింది. దాని నెత్తిన కాకులు కూర్చునేవి. వీడు రోజూ తలొంచుకుని దాని కిందే పోయేవాడు. గృహప్రవేశం మర్నాడు వీడే దింపుకుని కాలవకు పోయినాడు. తిరిగొచ్చేటప్పటికి గొంతు దాకా తడిసి ఉన్నాడు, చేతుల్లో ఏమీ లేదు. జారిపడినా అన్నాడు. అప్పుడు ఆ కాలవలో ఉండేది మోకాటి లోతు నీళ్ళు, గొంతు దాకా తడవాలంటే అందులో కూర్చోవాల్సిందే. బిడ్డ పుట్టినాడు, బాగున్నాడు, గోడకు బీట కూడా పడలేదు. తను కట్టిన బొమ్మ భలే పనిచేసిందని గోవిందమ్మ ఈపొద్దుకీ కనిపించినోళ్ళందరికీ చెప్తాది, మద్దిలేటి పక్కన నిలబడి తలూపుతాడు. ఈ ఊళ్ళో ఎవరింట్లో ఏం కూరో కూడా అడిగి తెలుసుకునేదాన్ని నేను. కాలవ దగ్గర ఏం చేసినావురా అని మాత్రం వాణ్ణి అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని.