రా అని రాసి ఉన్న పెట్టెలు

1991వ సంవత్సరం జూన్ నెల పదవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మా చిత్రభాండాగారంలో చీకటి గది సహాయకులుగా చేరిన మా ఛాయాచిత్రకారుడు గారు, ముప్పై నాలుగు సంవత్సరాల ఇరవై రోజుల సేవను నిండుగా పూర్తిచేసుకుని, ఈ నెల ముప్పయ్యవ తేదీ సాయంత్రం పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సందర్భాన వెలువడే ఈ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని కార్యాలయం వారు నన్ను అడిగారు. నేను మరమ్మతు గదిలో, చిరిగిన పాత కాగితాల వెనుక పల్చటి కాగితం అతికే మనిషిని. ఉద్యోగం ముగిసి పదమూడేళ్ళయినా, చేతి పని తెలిసిన వాళ్ళు దొరకక వారానికి మూడు రోజులు రమ్మంటారు, వస్తాను. నా చదువు బడిలో నేర్చినది కాదు, ఈ భవనంలో పెట్టెల మీద అంటించిన చీటీలు కూడబలుక్కుని నేర్చినది. కనుక వాక్యాల మధ్య అతుకు కనిపిస్తే పెద్దలు మన్నించాలి.

ఒక సంగతి ముందే మనవి చేసుకుంటాను. వారితో పాటు అదే తేదీన మరొకటి కూడా ఈ భవనం నుంచి సెలవు తీసుకోవలసి ఉండింది. వారి గదిలోని ఇనప బీరువాలో అరవై ఒక్క హార్డ్ డిస్కు పెట్టెలున్నాయి. ఒక్కొక్కదాని మీద నల్ల సిరాతో, వారి చేతిరాతలో, ఒకే ఒక్క అక్షరం ఉంటుంది: రా. చూసుకునే మనిషి వెళ్ళిపోతున్నారు గనుక, చోటు కూడా చాలడం లేదు గనుక, జూన్ ముప్పైన వాటన్నిటినీ చెరిపివేయాలని ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు నుంచి వారికి అన్నం సహించలేదని వారి శ్రీమతి నాతో చెప్పారు. పదవి పోతున్నదని కాదు, ఆ పెట్టెలు పోతున్నాయని.

వారు చేరిన నాటికి వయసు ఇరవై ఆరు. చీకటి గదిలో ఎర్ర బల్బు కింద, ట్రేలలోని మందు నీళ్ళలో కాగితాన్ని అటూ ఇటూ ఆడిస్తూ, తెల్లటి కాగితం మీద ఎవరిదో మొహం మెల్లగా తేలి రావడాన్ని వారు నాకు మొదటిసారి చూపించారు. నేను జడిసి తలుపు వైపు జరిగాను. "భయమెందుకక్కా, వస్తోంది కదా, పోవడం లేదు" అన్నారు. అప్పటి నుంచి నేను వారికి అక్కను, వారు నాకు తమ్ముడు. 1998లో ఛాయాచిత్రకారులుగా పదోన్నతి పొందారు. ఫిల్ము దొరకడం కష్టమైన రోజుల్లో చాలామంది విసుగుపడి వేరే పనులు వెతుక్కున్నారు. వారు మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని, తమకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ దగ్గర సిగ్గుపడకుండా కొత్త విద్య నేర్చుకున్నారు.

2012లో ఆ పెద్ద కెమెరా వచ్చింది. మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా అంటారు. మామూలు కెమెరా లోపల వెలుగును పట్టే పలక తపాలా బిళ్ళంత ఉంటే, దీనిలోది అగ్గిపెట్టెంత. పుస్తకంలోని పుటను దీనితో తీసి తెర మీద పెంచి చూస్తే, కాగితంలోని నారపోగులు కూడా లెక్కపెట్టవచ్చు. అయితే దానికి సేవలు ఎక్కువ. చల్లటి గది కావాలి, ప్రత్యేకమైన బల్ల కావాలి, దుమ్ము పనికిరాదు, దాని పక్కన గట్టిగా మాట్లాడకూడదు. వారం తిరక్కుండా మా వాళ్ళు దానికి 'కొత్తల్లుడు' అని పేరు పెట్టారు. "కొత్తల్లుడు గారు లేచారా? అలకేమైనా ఉందా?" అని అడుగుతూ అటెండరు రోజూ గది తలుపు తీసేవాడు.

కెమెరాను నిలువు కమ్మీకి బిగించి, కిందికి చూసేలా నిలిపి, రెండు వైపులా దీపాలు సమానంగా వాల్చి, పుట పక్కన బూడిద రంగు అట్టముక్క పెట్టి మొదటి చిత్రం తీసేవారు. ఆ అట్టముక్కే వారికి ధర్మకాటా. ఏ దీపం కింద తీసినా, ఆ బూడిద రంగు బూడిద రంగుగానే వచ్చేలా సరిచేస్తే, మిగతా రంగులన్నీ తమ నిజస్వరూపానికి వస్తాయి. వెలిసిపోయిన ఎరుపును మెరిపించమని ఎందరో అడిగారు. "వెలిసిపోయింది కదండీ, వెలిసిపోయినట్టే ఉండాలి" అనేవారు. వారి కుమార్తె చెప్పగా విని నవ్వాను: ఇంట్లో ఏ ఫొటో తీయాలన్నా మొదట పిల్లలిద్దరూ ఆ అట్టముక్క పట్టుకుని నిలబడాలట. వాళ్ళ చిన్నప్పటి ఆల్బంలో సగం ఫొటోలు అట్టముక్కతోనే ఉన్నాయట.

అంత సూక్ష్మంగా చూసే కెమెరాకు వరండాలో చెప్పుల చప్పుడు కూడా వణుకే. మీట నొక్కే ముందు వారు గొంతెత్తి "కదలొద్దు" అనేవారు. ఆ మాటతో ఫైళ్ళు మోస్తున్న గుమాస్తా ఒక కాలు మీద నిలిచిపోయేవాడు, టీ కప్పు పెదవుల దగ్గర ఆగిపోయేది. అందుకే ఈ భవనంలో వారి అసలు పేరు కన్నా 'కదలొద్దు గారు' అన్న పేరే నిలిచింది. బయటి నుంచి ఫోన్ చేసినవాళ్ళు సైతం "కదలొద్దు గారున్నారా" అని అడుగుతారు.

ఇక పెట్టెల సంగతి. కెమెరా మొదట పట్టిన రూపం, ఎవరి చేయీ పడకముందున్న రూపం ఒకటుంటుంది. దానిని ఈ విద్యలో రా ఫైలు అంటారు. రంగులు సరిచేసి, మరకలు తీసి, అడిగినవారికి ఇచ్చేది వేరొకటి. నాకు ఇదేమీ తెలియని రోజుల్లో ఆ అక్షరం చదివి, "ఎవర్ని రమ్మంటున్నావు తమ్ముడూ?" అని అడిగాను.

వారు ఆ పెట్టె మీద చేయి వేసి, "బొమ్మల్నేనక్కా. బయటికి పోయేవి పోతాయి. ఇవి మాత్రం ఎప్పుడు పిలిచినా రావాలి" అన్నారు.

అది విన్న గుమాస్తా, బయటికిచ్చే చిత్రాల సొరుగు మీద 'పో' అని చీటీ అంటించాడు. అప్పటి నుంచి వారి గది రాకపోకల శాఖ అయింది.

చిత్రం సిద్ధమైన మూడు నెలలకు రా ఫైళ్ళు చెరిపివేయాలని అప్పటి నిబంధన. వారు ప్రతి మూడు నెలలకూ "ఇంకొక్క మూడు నెలలు" అని వినతిపత్రం పెట్టేవారు. అలా పదిహేడు వినతిపత్రాలు పెట్టారు. ఎందుకంత పట్టుదల అని అప్పట్లో నేనూ విసుక్కున్నాను. 2016లో జరిగినది చూశాక విసుక్కోలేదు. అది వారు చేసిన ఒక తప్పు గురించిన కథ. సన్మాన సంచికలో రాయవచ్చునా అని బెరుకుగా వారినే అడిగాను. "రాయక్కా. తప్పు తీసేసి రాస్తే అది కూడా రీటచ్ చేసినట్టే" అన్నారు.

మూతపడిన ఒక సబ్బుల కర్మాగారం వారు తమ కార్మికుల రిజిస్టరును చిత్రాలు తీయించుకోవడానికి మాకిచ్చారు. పుటకొక మనిషి: అతికించిన ఫొటో, బిళ్ళ నంబరు, చేసే పని. నాలుగు వందల పన్నెండు పుటలు. పని పూర్తయ్యాక రిజిస్టరు తిరిగి వెళ్ళింది, ఆ వానాకాలంలోనే వారి గిడ్డంగిలో నీళ్ళు చేరి అది ముద్దయిపోయింది. ఆ తర్వాత ఒక దర్జీ మా దగ్గరికి వచ్చింది. హడావుడిలో మెడలోని టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. నాలుగేళ్ళప్పుడు తల్లి పోయిందట, ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదట. తల్లిదని దాచుకున్న ఇత్తడి బిళ్ళను బల్ల మీద పెట్టింది. నంబరు 218. వారు ఆ పుటను తెర మీద తెరిచి చూపారు. ఆమె చాలాసేపు చూసింది.

"ఈవిడ మా అమ్మ కాదండీ" అంది.

"బిళ్ళ నంబరు అదేనమ్మా."

"అయ్యుండొచ్చు. మా అమ్మకి ఎడమ కంటి కింద మిరియపు గింజంత మచ్చ ఉండేది. మా పిన్ని వెయ్యిసార్లు చెప్పింది. ఈవిడకి లేదు." బిళ్ళ తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

 వారు లేచి, బీరువా తీసి, రా పెట్టె తగిలించి, 218వ పుట తెరిచారు. నేను పక్కనే ఉన్నాను. ఎడమ కంటి కింద మచ్చ ఉంది.

ఏం జరిగిందో వారే చెప్పారు. కెమెరా పలక మీద దుమ్మురేణువు పడితే, ఆ రోజు తీసిన ప్రతి చిత్రంలోనూ అదే చోట చుక్క వస్తుంది. ఒక దానిలో చెరిపి, అదే చెరుపును ఒకేసారి మిగతావాటికీ వర్తింపజేయడం అలవాటు. ఆ రోజు మధ్యాహ్నం వారు పలక తుడిచారు. చెరుపు మాత్రం సాయంత్రం వరకు తీసిన అన్ని పుటలకూ పాకింది. 218వ పుట మధ్యాహ్నం తర్వాత తీసినది, అందులో దుమ్మే లేదు. ఆ చోట ఉన్నది పుట్టుమచ్చ.

సందర్శకుల పుస్తకంలో చిరునామా చూసి, ఆ సాయంత్రమే కొత్త ప్రింటు పట్టుకుని బస్సెక్కారు. నన్నూ రమ్మన్నారు, ఒక్కరే వెళ్ళడానికి ధైర్యం చాలలేదు కాబోలు. దుకాణంలో ఆమె మిషను ఆపకుండానే తలెత్తి చూసింది. వారు ప్రింటు చేతికిచ్చి, జరిగినది ఒక్క ముక్క దాచకుండా చెప్పారు.

"దుమ్మనుకున్నానమ్మా" అన్నారు చివర.

"మా అమ్మ మొహం మీద దుమ్మా?" అంది ఆమె. వారు తల వంచుకున్నారు. ఆమె ఆ మచ్చ మీద వేలి కొన పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "పొద్దుటి నుంచి మా పిన్ని మీద కోపంగా ఉందండీ. నన్ను ఊరుకోబెట్టడానికి మచ్చ కల్పించి చెప్పిందేమో అనుకున్నా. పాపం, పోయిన మనిషిని తిట్టుకున్నా." తర్వాత ఒక స్టూలు జరిపి, "కూచోండి. ఆ చొక్కాకి గుండీ ఊడింది, కుట్టి ఇస్తా" అంది. వారు కదలకుండా కూర్చున్నారు. మమ్మల్నందరినీ కదలొద్దన్న మనిషి ఒకరి మాటకు అలా కూర్చోవడం నేను చూడడం అదొక్కసారే.

మరునాటి నుంచి నాలుగు వందల పన్నెండు పుటలనూ రా ఫైళ్ళతో పోల్చి చూశారు. మరో రెండు తప్పులు దొరికాయి: ఒకరి ముక్కుపుడక, ఒక సంఖ్యలోని సున్నా. అప్పటి డైరెక్టరు గారికి లిఖితపూర్వకంగా నివేదించుకున్నారు. ఆయన మందలించి, అదే కాగితం అడుగున రా పెట్టెలు ఉంచుకోవడానికి అనుమతి రాసిచ్చారు. ఆ అనుమతినే ఈ ఏప్రిల్ ఉత్తర్వు రద్దు చేసింది.

ఇప్పటి డైరెక్టరు గారిని నేను తప్పుపట్టను. డిస్కులు ఊరికే పెడితే చెడిపోతాయి. "ఆర్నెల్లకోసారి ప్రతి పెట్టె తెరిచి చూసి సంతకం చేసే ఉద్యోగి ఎవరైనా ముందుకొస్తే ఉంచుతాను" అన్నారు. విరమించినవారి సంతకం చెల్లదు, నాదీ చెల్లదు. మిగిలింది వారి స్థానంలోకి వస్తున్న అమ్మాయి. ఎనిమిదేళ్ళుగా వారి పక్క బల్ల మీద చిత్రాలకు రంగులు సరిచేస్తున్న ఆమెను మేం రంగులమ్మ అంటాం. వాళ్ళిద్దరికీ క్షణం పడదు. "మీరు ఒక బొమ్మ తీసేలోపు మనుషులకి తుప్పు పడుతుందండీ" అని ఆమె, "నువ్వు తోమే తోముడుకి కాగితానికి జ్వరమొస్తుందమ్మా" అని వారు. పెట్టెలు దండగ భారమని ఆమె చాలాసార్లు అన్నది కూడా నిజమే. వారు అడగలేదు. అడిగే స్వభావం కాదు. నాకు మనసాగక, గత గురువారం భోజనాల వేళ ఆమెకు దర్జీ సంగతి చెప్పాను. ఆమె డబ్బా మూసి వెళ్ళిపోయింది. చెడగొట్టానేమో అని ఆ మధ్యాహ్నమంతా అతుకులు సరిగ్గా పడలేదు నాకు.

నాలుగు గంటలకు ఆమె డైరెక్టరు గారి గదిలో ఉంది. మమ్మల్నిద్దరినీ పిలిపించారు.

"సంతకం నేను పెడతాను మేడమ్. కానీ ఒక షరతు" అంది రంగులమ్మ. "పెట్టెలు తెరిచిన రోజు ఈయన కూడా వచ్చి నా పక్కన కూచోవాలి. ఏది దుమ్మో ఏది మచ్చో నా ఒక్కదాని వల్ల తేలదు."

"ఆయన ఉద్యోగి కారు కదా అప్పటికి" అన్నారు డైరెక్టరు గారు.

"సందర్శకుల పుస్తకంలో రాసి రమ్మనండి. అందరూ అలాగే వస్తారు."

డైరెక్టరు గారు నవ్వి, ఉత్తర్వు మీద అడ్డగీత గీశారు. వారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాల మీద దుమ్మేమీ లేదు.

నాకు వీడ్కోళ్ళు చేతకావు. బతుకులో చాలామందిని సాగనంపాను, గుమ్మం దాకా వెళ్ళి మాట పెగలక వెనక్కి వచ్చిన సందర్భాలే ఎక్కువ. ఈసారైనా మాట ముందే రాసిపెట్టుకుంటున్నాను. తమ్ముడూ, కదలొద్దు అని మీరు మమ్మల్ని ముప్పై నాలుగేళ్ళు ఆపారు. ఆ మాట మీతో అనే అధికారం మాకు లేదు గనుక వెళ్ళండి. శ్రీమతి గారితో, పిల్లలతో, అట్టముక్క లేకుండా కూడా కొన్ని ఫొటోలు తీసుకోండి. మీ కంటి చూపు ఇలాగే నిలకడగా, చేయి ఇలాగే వణుకు లేకుండా ఉండాలి. సందర్శకుల పుస్తకంలో ఆర్నెల్లకోసారి పడే మీ సంతకం, పెట్టెకొకటి చొప్పున, అరవై ఒక్కసార్లు పడాలి. లెక్క చూశాను, అప్పటికి మీకు తొంభై ఏళ్ళు దాటుతాయి. అన్నిసార్లు చూడడానికి నేనుండను. అయినా బెంగ లేదు. మీరు వచ్చేసరికి బీరువా తలుపు తీసే ఉంటుంది, ఏం చేయాలో లోపల మీ చేతిరాతలోనే ఉంటుంది.

రా.