జీపుకు తీసిన దిష్టి

కాశిబుగ్గలో తన ఇంటి ముందు దేవదాసు పాత జీపు బానెట్ లేపి, తల లోపల పెట్టాడు. మోకాళ్ల నొప్పులున్న భార్య క్లచ్ తొక్కే పని లేకుండా నడపాలని, ఏడాదిగా తంటాలు పడి దానికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎక్కించాడు. అది రెండో గేరు దాటడం లేదు.

“గేర్లు మార్చే సోలనాయిడ్లు కొత్తయి ఏసిన, మళ్లా గదే కత. ఏమే, జర ఈ వైర్ల జాయింట్ చూడు, చిలుము పట్టింది. వానల్లేవు, నీళ్లెక్కడియి?”

“ఎర్రనీళ్లేమో.”

“ఏం ఎర్రనీళ్లు?”

“దిష్టి నీళ్లు. వాడకట్టంత బండినే చూడవట్టిరి. అందుకే ఆదివారం ఆదివారం దిష్టి తీసి లోపల పోస్తాన.”

“లోపలెందుకు పోసినవే?”

“దిష్టి తగిలింది గేరుకు గదా, పైరంగుకు గాదు గదా!”

దేవదాసు నెత్తి కొట్టుకున్నాడు.

“పసుపు, సున్నం కలిపి వైర్ల మీద పోస్తరా ఎవలన్న? బండిని ఆగం జేసింది నువ్వే.”

“బండి మొరాయించినంకనే గదా నేను పోసుడు మొదలువెట్టింది. మరి గేరుబాక్సు ఎక్కించి పూజ జేసిన నాడే ఎందుకు మొరాయించింది?”

అతను మళ్లీ బానెట్ కిందికి వంగాడు.

“ఆనాడు కొబ్బరికాయ కొట్టి, ఇంజను సల్లగుండాలని ఆ నీళ్లు లోపల పోసింది ఎవలు?”

దేవదాసు లుంగీ అంచుతో జాయింటు తుడవసాగాడు.

“జర మెల్లగ మాట్లాడు. వాడకట్టోళ్లు ఇంటరు.”

“ఇననీ. ఇంటె, ఇగ దిష్టన్న తగల్దు.”