పాటకు ముందు

గోదావరిఖని, గని కార్మికుల క్వార్టరు. యేసుకుమార్ ల్యాప్‌టాప్ ముందు అతని తమ్ముడు శాంతిరాజ్ కూర్చున్నాడు. యేసుకుమార్ భార్య హన్నా పక్కన ఉంది.

“గీ ఊడొచ్చే సీడీ డ్రైవు ల్యాప్‌టాప్ లోపటికి మంచిగనే పోయింది వదినా. అయినా లేదంటుంది.”

“ఉంది గద. కనవడ్తుంది.”

“మనకు కనవడ్తుంది. లినక్స్‌కు కనవడ్తలేదు.”

“మళ్ళ తీసి పెట్టు.”

“తీసి పెట్టిన. మళ్ళ తీసి పెట్టిన. విండోస్ ఉంటే గీ తిప్పలు లేకపోవు. ఎందుకు తీసేసిండో.”

“వైరస్ వస్తుందన్నడు. మీ అన్ననే అడుగు.”

“ఉంటే అడిగేటోన్ని.”

“చాయ్ పెట్టాల్నా?”

“వద్దు. రేపు అన్న జ్ఞాపకార్థ కూడికల వినిపిచ్చేటందుకే గద? చర్చిల పాడిన క్రిస్మస్ పాట నీ ఫోన్ల ఉంది. గీ సీడీలకెల్లి నేనే సాఫు చేసి పంపిన.”

“ఉంది.”

“మరి గదే పెడదాం.”

“గది కాదు.”

“గదే పాట వదినా. గదే గొంతు.”

“నువ్వు సీడీ తెరువు శాంతీ.”

“తెరుస్తున్న. ఒక్కటి చెప్పు. డ్రైవు ఎప్పుడు పెట్టినవ్?”

“నువ్వు వచ్చే ముందు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, అది చాలు అయినంక.”

“గదీ సంగతి. హాజరు మస్టర్ అయినంక గని మీదికి పోతే ఏమైతది?”

“నాగా వేస్తరు.”

“మనిషి ఎదురుంగ నిలబడ్డా?”

“నిలబడ్డా నాగానే. మీ అన్నకు ఎన్నిసార్లు పడలే.”

“దీనికి గూడ గట్లనే. చాలు అయ్యేటప్పుడే ఎవలున్నరో చూసుకుంటది. తర్వాత వచ్చినోన్ని పట్టిచ్చుకోదు. బంద్ చేసి, డ్రైవు లోపట ఉండంగనే చాలు చేస్తా.”

“చెయ్యి.”

“ఆగు. ఆ... వచ్చింది. డ్రైవు పేరు వడ్డది. సీడీ తిరుగుతుంది, వినవడ్తుందా?”

“వినవడ్తుంది. పెట్టు.”

“పాట కాడికి జరుపుతా. ముందుగాల అన్న మైకు పట్టుకొని దగ్గుతనే ఉంటడు. నీకు పంపినదాంట్ల గదంత కోసేసిన.”

“జరపకు.”

“ఉత్త దగ్గే వదినా.”

“ఎరికే. గా దగ్గు లేక నాకు నిద్ర పడ్తలేదు. పాట రాంగనే ఆపు.”