పెద్ద చెంచా

సకల జనుల సమ్మెతో దిల్‌సుఖ్‌నగర్ మూతబడిన రోజు. సగం దించిన షట్టర్ వెనక, బడంగ్‌పేట్ నుంచి నడిచొచ్చిన పెద్దాయన తాను నింపిన తూటా సరిగ్గా ఉందో లేదో చూడమని ఇచ్చాడు. తుపాకుల మెకానిక్ దాన్ని విప్పి మందు తూచాడు.

"ఇది ఇరవై బోర్ తూటా గదనే. పన్నెండు బోర్ మందు పోసినవేంది?"

"డబ్బాల రెండు చెంచాలున్నయ్. పెద్దది తీసుకున్న."

"ఇరవై బోర్ గొట్టం సన్నగుంటది. గంత మందు కాలితే ప్రెషర్‌కు పగుల్తది. మొకం పోతుండె! ఇన్నేండ్లు ఎట్ల నింపినవ్?"

"మందు కొలిచేది మా ఇంటామె. నేను మందు మీద అట్టబిళ్ళలు ఒత్తుడే."

"ఆమెనే అడగకపోయినవా?"

"ఆమె పోయి మూడు నెలలాయె."

"...జర ఆ తుపాకి నా దగ్గర పెట్టిపో అన్నా."

"తుపాకేడిది? ఉద్యమం మొదలైనప్పుడే పోలీస్ స్టేషన్ల జమ చేసిన."

"మరి తూటాలెందుకు నింపినవ్?"

"పొద్దుమూకితే ఇద్దరం కూసొని చేసే పని గదొక్కటే ఉండె."