కుళాయి కింద చెయ్యి

సింకు మూసుకుపోయిందని తమ్ముడు అందులో గొట్టాలు శుభ్రం చేసే మందు పోస్తుంటే అది చేతిమీద ఒలికింది. కేక విని, నర్సుగా పనిచేసే అక్క అతన్ని స్నానాలగదిలోకి లాక్కెళ్ళింది.

"అక్కా, ముందు వెనిగర్ సీసా ఇవ్వు!"

"వెనిగర్ ఎందుకురా? చెయ్యి కుళాయి కింద పెట్టు."

"ఈ మందు క్షారం, పీహెచ్ పద్నాలుగు దాకా ఉంటుంది. వెనిగర్ ఆమ్లం, మూడు లోపే. రెండూ కలిస్తే తటస్థమైపోతాయి. పదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను."

"కలిసినప్పుడు వేడి పుట్టదూ?"

"పుడుతుంది. అది పాఠం చివర్లో ఉంటుంది. నేను అక్కడికొచ్చేసరికి గంట కొట్టేస్తారు."

"కాలిన చేతిని మళ్ళీ కాల్చుకుంటావా? పెట్టు కిందకి!"

"పెట్టాను. అబ్బా! సబ్బు రాసినట్టు జారుతోందేంటక్కా?"

"నీ చర్మంలో కొవ్వే సబ్బవుతోంది. కడుగుతూనే ఉండు, తర్వాత ఆసుపత్రికి వెళ్దాం."

"సబ్బు తయారీ కూడా నా పాఠమే. రేపు చేతికి కట్టుతో బోర్డు దగ్గర నిలబడితే చాలు, వేరే ప్రయోగం అక్కర్లేదు."

"మంటగా ఉంటే ఏడు, పర్లేదు."

"ఏడంటే మంచినీళ్ళ పీహెచ్ అక్కా. ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు."

"సరే మాస్టారూ. చెయ్యి తియ్యకుండా ఏడు."