తొమ్మిదో చెయ్యి

1966. నెల్లూరు సముద్రతీరంలో ఒక పంచాయతీ ఆఫీసు. లోపల మీటింగు మొదలు కాబోతోంది. గుమ్మానికి అడ్డంగా గుమాస్తా నరసయ్య. మెట్టు మీద మెంబరు సామ్రాజ్యం.

"జరగండి నరసయ్య గారూ, లోపలికి పోవాల."

"ఎందుకమ్మే? మీ ఆయన వచ్చి నీ కుర్చీలో కూర్చునే ఉండాడు."

"మెంబరు నేను. జకరయ్య కాదు."

"కాదన్నదెవురు? రెండేళ్లుగా ఆయనే వస్తాండాడు, నీ పేరు పక్కన ఆయనే వేలిముద్ర వేస్తాండాడు. ఈ పొద్దు కొత్తగా ఏమొచ్చింది?"

"ఈ పొద్దు మంచినీళ్ల బావి యాడ తవ్వాలో తేలుస్తారంట."

"తేలుస్తారు. పేరు సామ్రాజ్యమని ఏలాలనుందా ఏంది?"

"మా పక్కింటి ఎలిశబెతు కొడుకు కాలవ నీళ్లు తాగి పోతే మొన్న పూడ్చినాం. ఇప్పుడు నా చిన్నది మంచాన పడింది. మూడు దినాలుగా వాంతులు. బావి మా పాలెంలో పడాల."

"పడకూడదని నేనన్నానా?"

"మీరనలా. నలుగురు మా పాలెం అంటాండారు, నలుగురు ప్రెసిడెంటు గారి తోట పక్కన అంటాండారు. తొమ్మిదో చెయ్యి నాది."

"జకరయ్య ఎత్తుతాడులే."

"ఎవరి పక్క ఎత్తుతాడు?"

"అదీ... ఆయన ఇష్టం."

"ప్రెసిడెంటు గారి చేను కౌలుకు చేసుకుంటా, ఆ అయ్యకు ఎదురు ఎత్తుతాడా?"

"అది మీ మొగుడూ పెళ్లాల సంగతి. నన్ను లాగబాక."

"అయితే హాజరు బుక్కు ఇయ్యండి. సంతకం పెట్టి పోయి కూర్చుంటా."

"సంతకమా? నీకు సంతకం వచ్చా?"

"మిషను బడిలో అయిదు చదివినా. పాలెంలో అందరి ఉత్తరాలూ నేనే రాస్తా."

"మెల్లగా, మెల్లగా మాట్లాడు. ఇదిగో, చూడు. సామ్రాజ్యం, సామ్రాజ్యం, సామ్రాజ్యం. అన్నిటి పక్కనా వేలిముద్రే. వీటి కింద నువ్వు సంతకం పెట్టినావనుకో, పైవన్నీ ఎవరివంటారు? దొంగముద్రలంటారు. జకరయ్య జైలుకు పోతాడు."

"వేయించింది మీరే కదా."

"బుక్కులో నా వేలు లేదమ్మే. ఆయనదే ఉంది. ఇంటికి పో. బిడ్డకు గంజి తాగించు."

"గంజి ఏ నీళ్లతో కాచేది నరసయ్య గారూ?"

"నన్నడిగితే?"

"సరే, ఇంకొకటి అడుగుతా. వేలిముద్ర చూస్తే ఆడదో మగదో తెలుస్తుందా?"

"ఎవరికి తెలుస్తుంది? అన్నీ నల్లగా ఒకటే మాదిరి."

"అయితే మా ఆయన్ని లేచి బయటికి రమ్మనండి."

"వస్తే?"

"ఆ ఇంకుప్యాడు ఇట్లా పెట్టండి. నాకు రాయడం రాదు."