అక్షరక్రమంలో చివరి పేరు

ఒసాకా శివారులోని మన విశ్వవిద్యాలయ గణిత విభాగంలో 1984 ఏప్రిల్ ఒకటవ తేదీన సహాయకురాలిగా అడుగుపెట్టిన డాక్టర్ యగినుమా కజుయే గారు ఈ మార్చి ముప్పై ఒకటిన సహాచార్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆచార్యులుగా కాదు. అభినందన సంచికలో ఇటువంటి మాట మొదట్లోనే ఎందుకని సంపాదకవర్గం సున్నితంగా మందలించింది గానీ, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసమంతా అబద్ధమవుతుంది.

చేరిన తొలినాళ్లలో ఆమెకు అప్పగించిన బాధ్యత సమావేశాలకు తేనీరు కాచి అందించడం. ఆ కప్పులు కడుగుతూనే ఆమె పరిమిత జ్యామితిలో మునిగిపోయారు. లెక్కపెట్టగలిగినన్ని బిందువులే ఉన్న లోకంలో రేఖలనూ తలాలనూ పరిశీలించే శాస్త్రమది. అందులో ఏ మూడూ ఒకే రేఖపై పడకుండా అత్యధికంగా ఎన్ని బిందువులను ఎంచుకోగలమన్న ప్రశ్న వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ ప్రయాణంలో చెడిపోయిన సందేశాన్ని తమంతట తామే దిద్దే ఒక రకం సంకేతాల బలమంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది. ఆ ప్రశ్నలోని ఒక ముఖ్యమైన రకానికి జవాబు తేలింది. మెమరీ చిప్పుల తయారీదారులు దాన్ని అందిపుచ్చుకున్నారు, దేశదేశాల పరిశోధకులు దానిపై తమ సిద్ధాంతాలు నిర్మించుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అకామత్సు సిద్ధాంతం.

అకామత్సు యసుహిరో గారు అప్పటి ఆచార్యులు, ఆమెకు గురువు. సమస్యను సూచించినది ఆయన. ఏళ్ల తరబడి దానితో కుస్తీపట్టి నిరూపించినది ఆమె. గణితజ్ఞులు పరిశోధన పత్రంపై పేర్లను అక్షరక్రమంలోనే వేస్తారు, ఎవరి కష్టం ఎంతన్న తూకం అందులో ఉండదు. ఏ లిపిలో రాసినా అకామత్సు మొదట, యగినుమా చివర. సకాయిలో నూడుల్స్ దుకాణం నడిపే ఆమె తల్లి ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గరిటె పక్కన పడేశారట.

“ఏమే కజుయే, కష్టమంతా నీది, మొదటి పేరు ఆయనదా?”

“అక్షరక్రమమమ్మా. దానికెవరేం చేస్తారు?”

“అయితే ‘అ’తో మొదలయ్యే ఇంటిపేరు వాణ్ణెవణ్ణయినా చూసి చేసుకోవే, పీడా పోతుంది! పెళ్లికి పెళ్లీ అవుతుంది, పేరూ ముందుకొస్తుంది.”

ఈ మాట చెప్పి యగినుమా గారు ఇప్పటికీ కళ్లనీళ్లు తిరిగేలా నవ్వుతారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

పదోన్నతి సంఘంలో కూర్చున్నవారు ఇంజనీర్లు, వైద్యులు. వారి శాస్త్రాల్లో మొదటి పేరు పని చేసినవారిది. చివరి పేరు ప్రయోగశాల పెద్దగారిది, కాదంటే మొహమాటానికి చేర్చినది. ఈవిడ ఏ ప్రయోగశాలకూ పెద్ద కాదని వారికి తెలుసు. ఇక మిగిలింది మొహమాటమే.

“ఇన్ని పత్రాల్లో ఒక్కదాంట్లోనూ మీ పేరు ముందు లేదేంటండీ?” అన్నారు సంఘాధ్యక్షులు షిమోతోరి గారు.

“మాలో అక్షరక్రమమండీ.”

“అందరూ ఏదో ఒకటి చెబుతారు లెండి. అకామత్సు గారూ, మీరేమంటారు?”

విభాగం తరఫున అక్కడే కూర్చున్న అకామత్సు గారు తేనీటి కప్పులోకి చూస్తూ, “బాగా కష్టపడే మనిషండీ,” అన్నారు.

కష్టపడే మనిషట! ‘నిరూపణ ఆమెది’ అన్న రెండు మాటలకు ఆయనకు నోరు రాలేదు. ఆ ఏడే కాదు, ఆమె దరఖాస్తు పెట్టుకున్న ఏ ఏడూ రాలేదు. యగినుమా గారు ఎదురుచూసింది పదవి కోసం కన్నా ఆ రెండు మాటల కోసమే.

విరమణకు ముందు పెద్ద సభామందిరంలో తుది ప్రసంగం చేయడం మన దగ్గర ఆచార్యులకే దక్కే మర్యాద. ఈసారి విభాగం పెద్దమనసు చేసుకుని ఆమెకూ అనుమతించింది. అంశాన్ని మాత్రం తానే ఖరారు చేసింది: ‘అకామత్సు సిద్ధాంతం, దాని ప్రభావం’. ఆమె మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఎనభై దాటిన అకామత్సు గారు ముందు వరుసలో ఆసీనులయ్యారు. నిరూపణను చివరి మెట్టు దాకా నడిపించి యగినుమా గారు ఆగారు. సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకుని, తలవంచి, గురువు గారి ముందుకు చాచారు.

“మాస్టారూ, సిద్ధాంతం మీ పేరిటది. ముగింపు కూడా మీ చేతుల మీదుగానే జరగాలి.”

సభ చప్పట్లు కొట్టింది. ఆయన సుద్ద అందుకుని బోర్డు దగ్గరికి వెళ్లారు. సుద్ద బోర్డును తాకింది గానీ గీత పడలేదు.

“ఇది నాకు అప్పుడూ తెలియదమ్మా,” అన్నారు గొంతు తగ్గించి. ముందు వరుసలో అందరికీ వినబడింది.

“ఆ మాట మైకులో చెప్పండి మాస్టారూ,” అన్నారు యగినుమా గారు.

ఆయన సుద్ద ఆమె చేతిలో పెట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. ఆమె నిరూపణ పూర్తి చేశారు. విభాగాధిపతి లేచి, అకామత్సు సిద్ధాంతాన్ని చక్కగా వివరించినందుకు ఆమెకు ధన్యవాదాలు తెలిపి పుష్పగుచ్ఛం అందించారు.

ఈ సంచికలో సందేశాలనూ అక్షరక్రమంలోనే అచ్చువేశారు. మొదటిది అకామత్సు గారిది. యగినుమా గారి సహకారం మరువరానిదని అందులో రాశారు.

యగినుమా కజుయే గారు ఆయురారోగ్యాలతో, నిశ్చింతగా, నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని మనసారా కోరుకుందాం. నిరూపణ ఆమెదేనని ఎవరో ఒకరు మైకు ముందు నిలబడి చెప్పే రోజును ఆమె కళ్లారా చూడాలి. మన విభాగం తీరు చూస్తుంటే, అందుకు ఆ నూరేళ్లూ చాలేలా లేవు.